రెండో క్లార్నెట్

వార్త మొదట నాకు తెచ్చింది అంజమ్మ. మా వంటశాలలో నాతోపాటు జొన్నరొట్టెలు కొట్టే మనిషి. పొద్దున ఎనిమిదింటికి వచ్చి, చేతులు కడుక్కొని, పీట ముందుకు లాక్కొని, తల ఎత్తకుండానే చెప్పింది.

"అక్కా, చేవెళ్ల కాక పోయిండట."

"ఏ కాక?"

"క్లార్నెట్ కాక. తెల్లారంగ పోయిండట. ఆటోల వచ్చేటోళ్లు అనుకుంటుంటె ఇన్న."

నేను "ఆ" అన్నాను. వేడినీళ్లు పోసి కలిపిన పిండి చేతిలో ఉంది. జొన్నపిండి చల్లారితే రొట్టె అంచులు పగులుతాయి, ఆపడానికి వీల్లేదు. ఆ రొట్టె కొట్టాను, పెనం మీద వేశాను, తడిగుడ్డతో పైన నీళ్లు అద్దాను, తిప్పాను. తర్వాత ఇంకోటి. అంజమ్మ నా వైపు రెండుసార్లు చూసింది. ఏడుస్తానని అనుకున్నట్టుంది. నాకేమీ రాలేదు. వేలు కాలిన సంగతి కూడా తెలియలేదు. సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే బొబ్బ కనిపించింది.

అందరం కాక, అంటే చిన్నాన్న, అని పిలిచిన ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చులో పేరు పడడం ఇష్టం లేదని ఆయన భార్య అన్నది. ఆమె మాట నాకు పెద్దది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు వాళ్లకు పేరు లేకున్నా ఎవరో తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను.

మాది మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరు. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, భజన పాటల పుస్తకం ముందు పెట్టి చదవడం నేర్పాడు. ఆ మాత్రం చదువు దక్కినందుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. హైదరాబాద్‌లో అద్దాల మేడలు లేచి, కంప్యూటర్ కంపెనీలు వరసగా తెరుచుకున్న రోజుల్లో మా రోడ్డు మీద శని, ఆదివారాలు బస్సులు కట్టుకొని జనం రావడం మొదలైంది. అప్పటిదాకా గొడ్లు మేసిన బీళ్లలో ఫాంహౌసులు వచ్చాయి. చిలుకూరు గుడికి పోయి వచ్చేవాళ్లు, కంపెనీ తరఫున ఒక పూట ఆటపాటలకు వచ్చేవాళ్లు, అందరికీ జొన్నరొట్టె కావాలి. నేను నలుగురు ఆడవాళ్లను కూడగట్టుకొని రొట్టెలు చేసి పంపేదాన్ని.

బస్సు దిగే కంపెనీ వాళ్లకు స్వాగతం చెప్పడానికి చేవెళ్ల నుంచి బ్యాండు మేళాన్ని పిలిచేవాళ్లు. ఎర్ర కోట్లు, జరీ టోపీలు. అందులో క్లార్నెట్ వాయించేవాళ్లు ఇద్దరు. ముందు నిలబడేది మాస్టరు. ఆయన ఎడమ భుజం వెనక, అర అడుగు దూరంలో నిలబడేది కాక. మాస్టరు పెళ్లి చేసుకున్నది కాక చెల్లెల్ని. అందుకే ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు.

కాకను తలుచుకుంటే నాకు ముందు ఆయన పెదవులు గుర్తొస్తాయి. క్లార్నెట్ మూతికి బిగించే సన్నని రీడు ఎప్పుడూ ఆ పెదవుల మధ్య నానుతూ ఉండేది. మాట్లాడాలంటే దాన్ని బుగ్గలోకి జరిపేవాడు. అందుకే ఆయన మాట కొంచెం ముద్దగా వచ్చేది. మిగిలిన రీడ్లు ఖాళీ మందుగోళీల డబ్బాలో ఉండేవి. కోటుకు మెడ దగ్గర గుండీ లేదు.

"గుండీ కుట్టియ్యనా కాకా?" అని ఒకసారి అడిగాను.

"వద్దు బిడ్డా. అది లేకుంటనే మెడ తిరుగుతది."

మేళం అయ్యాక వంటశాల వెనక నీడలో కూర్చునేవాళ్లు. చాయ్ ఇస్తే మాస్టరు వెంటనే తాగేవాడు. కాక గ్లాసు చేతిలో పట్టుకొని కూర్చునేవాడు. మాస్టరు గ్లాసు కింద పెట్టాక తనది ఎత్తేవాడు. చల్లారిన చాయ్ తాగడమే ఆయనకు అలవాటైపోయింది. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో రాడు. వాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగి, "ఆ… మంచిది" అనేవాడు. మా ఇంట్లో మాట ఆపని మనుషులకు కూడా ఆయన ముందు మాట్లాడడం హాయిగా ఉండేది.

మాస్టరు ఊరుకునే మనిషి కాదు. అందరి ముందే అనేవాడు.

"మా బావ ఊదుతడో నిద్రపోతడో ఆ దేవునికే ఎరుక. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ఇనబడలే."

కాక రీడు బుగ్గలోకి జరిపి, "నువ్వు దమ్ము తీసుకునేటప్పుడు లేస్త తియ్" అనేవాడు.

డ్రమ్ములవాళ్లు పడిపడి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. అందులో ఉన్నది అచ్చమైన నిజమని నాకప్పుడు తెలియదు.

ఇంకోసారి, "ఎప్పుడు సూసినా మాస్టరు మెడ దిక్కే సూస్తవేంది?" అని అడిగాను.

"చేతి ఏళ్లు సూస్తే పాట ఎరుకైతది. పాట నాకు ఎరుకే గద. మెడ సూస్తే దమ్ము ఎప్పుడు తీస్తడో ఎరుకైతది."

అంతే చెప్పాడు. నేను ఇంకేమీ అడగలేదు. పెనం మీద రొట్టె ఉంది.

మా దగ్గరికి తరచూ వచ్చే ఒక కంపెనీ మేనేజరు ఉండేవాడు. నా తమ్ముడి వయసు. చెప్పులు బయట విడిచి వంటశాలలోకి వచ్చేవాడు, ఎంత పని ఉన్నా అంజమ్మను పేరు పెట్టి పలకరించేవాడు. ఒకరోజు వచ్చి, జన్వాడ దగ్గర ఫాంహౌసులో తమ కంపెనీ వార్షికోత్సవం ఉందని, భోజనంతోపాటు బ్యాండు ఏర్పాటు కూడా నన్నే చూసుకోమని అన్నాడు. నాకు గర్వం వేసింది. దేవుడు ఒక మెట్టు ఎక్కిస్తున్నాడు అనుకున్నాను. కాగితం మీద మనుషుల పట్టీ రాసుకుంటూ ఆయన అడిగాడు.

"క్లార్నెట్లు రెండెందుకమ్మా? ఇద్దరూ వాయించేది ఒకే పాట కదా?"

"ఒకటే పాట సార్."

"మరి ఒకరు చాలు కదా. మా దగ్గర కూడా ఇప్పుడు ఇదే పని జరుగుతోంది. ఒకే పని ఇద్దరు చేస్తుంటే ఒకరిని తగ్గిస్తున్నాం."

దురుసుగా ఏమీ అనలేదు. పైనుంచి ఆయనకు కూడా అలాంటి మాటే వచ్చి ఉంటుంది. నాకు సబబుగానే తోచింది. అయినా తొందరపడకూడదని, ఆ వారంలోనే జరిగిన ఒక పెళ్లిలో మేళానికి దగ్గరగా నిలబడి చెవి పెట్టి విన్నాను. నిజంగా నాకు ఒక్క క్లార్నెట్టే వినిపించింది.

చేవెళ్లకు పోయాను. మేళం వాళ్లు వాయిద్యాలు పెట్టుకునే చిన్న గది రోడ్డు పక్కనే ఉండేది. మాస్టరు, కాక, ఇద్దరు డ్రమ్ములవాళ్లు కూర్చొని ఉన్నారు.

"మాస్టరూ, ఈపారి ఒక్క క్లార్నెట్ సాలట."

"ఒక్కటా?"

"ఇద్దరిది ఒకటే పాట గదా అన్నడు సారు. నాక్కూడ గట్లనే అనిపించింది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. మాస్టరు కాక వైపు చూశాడు. కాక పెదవుల్లోంచి రీడు తీసి, కోటు అంచుకు తుడిచి, గోళీల డబ్బాలో వేసి మూత బిగించాడు.

"మంచిదే బిడ్డా. ఆ దినం నాకు బర్రెలకు గడ్డి కోసేదున్నది."

లేచి, నా కోసం తెప్పించిన చాయ్ నా చేతికే ఇచ్చి బయటికి పోయాడు.

వార్షికోత్సవం నాడు పొద్దున పదకొండు గంటలైంది. ఫాంహౌసు గేటు నుంచి వేదిక దాకా ఎర్రమట్టి బాట, మెల్లగా ఎత్తుకు ఎక్కుతుంది. విదేశం నుంచి వచ్చిన పెద్ద సారును ఎడ్లబండి మీద కూర్చోబెట్టారు. బండి ముందు బ్యాండు. మాస్టరు పాట ఎత్తుకున్నాడు. మొదటి వరుస చక్కగా వచ్చింది. వరుస చివర ఊపిరి తీసుకున్నాడు. పాట తెగింది.

అన్నేళ్లలో ఆ మేళం పాట తెగగా నేను వినలేదు. పాట అయిపోయిందనుకొని కంపెనీ పిల్లలు చప్పట్లు కొట్టారు. మాస్టరు మళ్లీ అందుకున్నాడు. మళ్లీ తెగింది. మళ్లీ చప్పట్లు. డ్రమ్ములవాళ్లు ఎక్కడ కొట్టాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడోసారి చప్పట్లలో నవ్వు కలిసింది. ఇక మాస్టరు ఊపిరి తీసుకోవడం తగ్గించి, తెగకుండా లాగడం మొదలుపెట్టాడు. ఎత్తు సగం ఎక్కేసరికి ముఖం నల్లబడింది. బాట పక్కకు వచ్చి మట్టిలో కూలబడ్డాడు. డ్రమ్ములు మాత్రం మోగుతూ బండితో ముందుకు పోయాయి.

నేను నీళ్లు తీసుకొని పరుగెత్తాను. ఆయన కింది పెదవి చిట్లి రక్తం వస్తోంది. చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు.

"నేను దమ్ము తీసిన కాడల్ల వాడు ఊదుతడని ఎరుకే చెల్లె" అన్నాడు. "గని గింతగనం ఊదుతడనుకోలే."

మరునాడు రొట్టెలు మూట కట్టుకొని షేర్ ఆటోలో చేవెళ్లకు పోయాను. గడ్డి కోసే పని అనేది నా ముఖం చెడకుండా చెప్పిన సాకు అనుకున్నాను. కాక నిజంగానే కొట్టం వెనక కూర్చొని, నిన్న మిగిలిన గడ్డి కోస్తున్నాడు.

"తప్పైంది కాకా. రెండోది నాకు ఇనబడలే. అందుకే గట్ల అన్న."

"ఇనబడితే తప్పు బిడ్డా. ఇనబడలే అంటే నా పని మంచిగైనట్టే."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాలే? వచ్చింది. బర్రె మీద తీసిన. పాలు తక్కువిచ్చింది."

రొట్టె విప్పి తింటూ, ఊరికే అడిగినట్టు అడిగాడు. "నీ కాడ నలుగురు ఆడోళ్లున్నరు గద. అంజమ్మ లేస్తే ఆ పీట మీద ఎవరు కూసుంటరు?"

"ఎవ్వరు కూసోరు. ఆమె వచ్చేదాక ఆగుతది."

"మరి పిండి?"

"సల్లారుతది."

"మల్ల?"

నాకు ఆయన చేసిన బోధ అంతే. ఆ వారం నుంచి మా వంటశాలలో ఇద్దరిద్దరు జంటగా కూర్చోవడం పెట్టాను. జంటలో ఇద్దరూ ఒకేసారి లేవరు. లేచేవాళ్లు అడగాల్సిన పని లేదు. పక్కామె భుజం కదలడం చూసి ఇవతలామె చెయ్యి చాపి పిండి అందుకుంటుంది. అలా పక్కన కూర్చొని చూసినప్పుడే తెలిసింది, అంజమ్మకు మణికట్టు నొప్పి ఉందని. పని పోతుందన్న భయంతో రెండేళ్లుగా దాచింది. అదే పీట మీద, మందకొడిగా కొడుతున్నావని నేను ఎన్నిసార్లు కసిరానో. చెయ్యి దాటకముందే దవాఖానలో చూపించగలిగాం. ఆ రాత దేవుడిది, ఆ చూపు కాకది. ఇద్దరికీ దండం పెట్టుకున్నాను.

నాకు వినడం కూడా ఆ తర్వాతే వచ్చింది. ఒక ఏకాదశి సాయంత్రం మా ఇంట్లో భజన. కాక వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మా అత్తమ్మ పాడుతూ పాడుతూ దగ్గు వచ్చి ఆగింది. ఆ పాట ఆగలేదు. కాక గొంతు కింది నుంచి ఆ వరుసను పట్టుకొని, ఆమె తేరుకోగానే ఆమె నోటికే తిరిగి ఇచ్చేసింది. నేను తప్ప ఎవరూ గమనించినట్టు లేదు. హారతి అయ్యాక మా అత్తమ్మ, "ఇయ్యాల నా గొంతు మంచిగ లేసింది" అన్నది. కాక "ఆ… మంచిది" అన్నాడు.

మాస్టరు పెదవి మానడానికి నెల పట్టింది. తర్వాత ఇద్దరూ మళ్లీ కలిసి నిలబడ్డారు. ఆ మేనేజరు ఇంకో కార్యక్రమానికి మేళాన్ని పిలిచి, ఈసారి ఇద్దరినీ తప్పకుండా తీసుకురమ్మన్నాడు. ఆ మధ్యాహ్నం ఫాంహౌసు హాలులో, పట్నం నుంచి వచ్చిన ఒక శిక్షకుడు పెద్ద తెర మీద విదేశీ ఆర్కెస్ట్రాను చూపించాడు. నల్ల కోట్లలో వందమంది దాకా ఉన్నారు. ముందు ఒకాయన సన్న కర్ర పట్టుకొని చేతులు ఊపుతున్నాడు. కంపెనీని నడిపేవాడు అలా ఉండాలని శిక్షకుడు చెబుతున్నాడు. మాస్టరు, కాక, నేను తలుపు దగ్గర నిలబడి చూశాం.

"ఆ కర్ర పట్టుకున్నాయన ఏం ఊదడా?" కాక గుసగుసగా అడిగాడు.

"ఊదడట కాకా. అందర్ని నడిపిస్తడట."

"నోరు ఖాళీగ ఉన్నది, నడిపిస్తున్నడు."

మాస్టరు నవ్వు ఆపుకోలేక టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాక మాత్రం తెర మీది నుంచి కళ్లు తియ్యలేదు. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఎన్నడూ అలా పట్టుకున్న మనిషి కాదు.

"అగో, ఎనక వరుసల సూడు. ఊదుతున్న ఆ సన్నటామె. పక్కాయన ఆపిండు, ఆమె ఆపలే. ఇగ ఆమె ఆపింది, ఆయన అందుకున్నడు. అగో, మల్ల."

నేను చూశాను. నిజమే.

"గంత దూరంల గూడ ఉన్నరు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం, తప్పిపోయిన చుట్టాన్ని సంతలో చూసినవాడి ముఖంలా ఉంది.

మేనేజరు మమ్మల్ని గమనించి, కాకను ముందుకు పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నాడు. కాక సిగ్గుపడ్డాడు. రీడు తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు.

"నాకేం ఎరుక సారూ. ఒక్కటి అడుగుత. మీ పక్క కుర్సీల మనిషి రేపు దవాఖానల పడితే, పని ఏడ ఆపిండో మీల ఎవరికెరుక?"

హాలులో ఎవరూ చెయ్యి ఎత్తలేదు. "అంతే సారూ" అని వచ్చేశాడు. శిక్షకుడు తెర వెలిగించి తన పాఠం తాను చెప్పుకున్నాడు.

భోజనాలయ్యాక మేనేజరు వంటశాల గడప మీద వచ్చి కూర్చున్నాడు. "ఒకావిడను తీసేశామమ్మా. ఆవిడ ఏం చేస్తుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. వెళ్లాక మూడు జట్ల పని ఆగిపోయింది. తిరిగి పిలిస్తే రానంది" అన్నాడు. తుంచిన రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఆమె రాలేదు, కాక వచ్చాడు. ఆ తేడాలో నా గొప్పేమీ లేదు.

ఇక్కడితో ఆపితే నాకు సుఖంగా ఉండేది.

కాకను ఒకరోజు పక్కన పెట్టారన్న మాట మేళాల వాళ్లలో పాకింది. ఎందుకు పెట్టారో తెలియదు కాబట్టి వాళ్లే ఒక కారణం అనుకున్నారు. "దమ్ము పోయిందట" అన్నారు. ఊదే మనిషికి అంతకన్నా పెద్ద మాట లేదు. అంతకుముందు పెళ్లిళ్ల కాలంలో వేరే మేళాలు కూడా ఆయనను పిలుచుకునేవి. పిలవడం మానేశాయి. మాస్టరు పక్కన మళ్లీ కనిపిస్తే, "బావ గాబట్టి జాలికి పెట్టుకున్నడు" అన్నారు. మాస్టరు, డ్రమ్ములవాళ్లు కాదన్నా సొంతవాళ్ల మాటేనని ఎవరూ నమ్మలేదు. షాబాద్‌లో కూరగాయలు కొంటుంటే ఒక డ్రమ్మాయన నా ముందే ఆ మాట అన్నాడు. నిజం నాకు తెలుసు. నోరు విప్పితే, మేళాన్ని చెడగొట్టింది రొట్టెలామేనని ఊళ్లన్నీ అంటాయి, కంపెనీలు నన్ను పిలవడం మానేస్తాయి అని భయపడ్డాను. తల వంచుకొని వంకాయలు ఏరుకున్నాను.

కాక దగ్గరికి పోయి, "అందరికి చెప్త కాకా, నిన్ను తీసేసింది నేనని" అన్నాను.

"ఎవలకు చెప్తవు? ఊరూరికి డప్పు కొట్టిస్తవా? ఊకో బిడ్డా, ఫికర్ చెయ్యకు. మా బావకు ఎరుక. సాలు."

ఆ మాట నాకు తేలికగా అనిపించింది. అందుకే ఒప్పుకున్నాను. ఆయన మంచితనం చాటున నా పిరికితనం దాక్కుంది. ప్రతి ఉగాదికీ దేవుడి ముందు నిలబడి, ఈ ఏడు చెప్పేస్తాను అనుకునేదాన్ని. అట్లా కొన్ని ఉగాదులు పోయాయి. కాక వాయిస్తూనే ఉన్నాడు, మాస్టరు ఒక్కరి పక్కనే.

అంజమ్మ వార్త తెచ్చిన రోజు, పంపాల్సిన రొట్టెలన్నీ పంపి చేవెళ్లకు పోయాను. వాకిట్లో నాలుగు ఊళ్ల మేళాల వాళ్లు ఉన్నారు. మాస్టరు కాక కాళ్ల దగ్గర కూర్చొని ఉన్నాడు. నేను పూలు వేసి కాళ్లు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయనే తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. పక్కన ఆడవాళ్లు ఏడుస్తుంటే దూరంగా ఎక్కడో రేడియో మోగుతున్నట్టు వినిపించింది.

గోడ దగ్గర నిలబడ్డ ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"పాపం, దమ్ము లేకుంటనే ఇన్నేండ్లు ఎల్లదీసిండు."

"బావ ఉండవట్టికె గడిచింది."

మాస్టరు విన్నాడు. తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూడలేదు. చూశాడు, అంతే. నేను నోరు తెరిచాను. షాబాద్‌లో లాగే తల వంచుకున్నాను. అంతలో పాడె లేపారు. జనంతోపాటు నడిచాను. ఇంటికి వచ్చి స్నానం చేసి దీపం పెట్టాను. అప్పుడూ ఏమీ రాలేదు. ఇవాళ్టికీ రాలేదు.

వాకిట్లో చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు ఆయనను మేళం నుంచి తీసేసింది నేను. ఆయన దమ్ములో ఏ లోపమూ లేదు. వినడం రాక నేను చేసిన తప్పు అది. ఆయన మోసిన ఆ మాట నాది. రాసింది మాస్టరుకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. తర్వాత, "జల్ది పంపియ్యి చెల్లె" అన్నాడు.

చదివినవాళ్లకు ఒక్క మనవి. మా వైపు ఎక్కడైనా, ఎవరైనా ఆ మాట మళ్లీ అంటే, కాదని చెప్పండి. చేతులు జోడించే అలవాటు ఉన్నవాళ్లు ఆయనను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు. చేవెళ్ల మేళంలో రెండో క్లార్నెట్ వాయించినాయన, ఆఖరి పెళ్లి దాకా దమ్ము తగ్గని మనిషి అనుకుంటే చాలు.